“ఎలా తెలిసింది?” అని అడగండి

ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. పదవ తరగతికి అనువంశికత పాఠం చెబుతున్నాను. కొడవలి కణ రక్తహీనత గురించి చెప్పాను. దీన్నే మీలో చాలామంది సికిల్ సెల్ జబ్బు అనే పేరుతో విని ఉంటారు. “హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ అందులో ఒక్క అక్షరం మారితే చాలు, ఈ జబ్బు వస్తుంది” అని నల్లబల్ల మీద రాశాను. రెండవ బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“సార్, జన్యువు కంటికి కనబడదన్నారు గదా! మరి అది పదకొండో దాని మీద ఉందని ఎలా తెలిసిందండీ?”

నిజం చెప్పాలంటే నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ అయింది. “పుస్తకాల్లో అలాగే ఉందమ్మా, రాసుకో. పరీక్షలో అంతవరకే అడుగుతారు” అన్నాను. ఆ అమ్మాయి కూర్చుని రాసుకుంది. ఆ సంవత్సరమంతా మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ తరువాత నేనే వెతికి చదువుకున్నాను. జవాబు దొరికింది. నేను చెప్పిన పాఠంకన్నా ఆ జవాబే ఎంతో బాగుంది! అప్పటినుంచి నాకు ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. సైన్సులో ఒక విషయం ఎలా తెలిసిందో చెప్పకుండా ఆ విషయాన్ని మాత్రమే నేర్పితే, మనం నేర్పుతున్నది సైన్సు కాదు, ఒట్టి జాబితా.

ఇది పెద్దమాట అనిపిస్తుందా? అయితే ఒక సంగతి వినండి. మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? 46 అని మీరు ఠక్కున చెబుతారు. కాని 1950లో చదువుకుంటున్న విద్యార్థిని అడిగితే అంతే ఠక్కున 48 అని చెప్పి ఉండేవాడు. 1923లో పెయింటర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు లెక్కపెట్టి 48 అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా పుస్తకాలు అదే అచ్చువేశాయి. చివరకు స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు క్రోమోజోములు ఒకదానిమీద ఒకటి పడకుండా విడివిడిగా పరుచుకునే కొత్త పద్ధతిలో మళ్ళీ లెక్కపెట్టారు. 46 వచ్చింది! 1956లో ఆ సంగతి ప్రకటించారు. అంతకుముందు 48 అని రాసినవారికి పూర్తి మార్కులే పడ్డాయి. అయినా అది తప్పే గదా! బట్టీపట్టినవాడికి ఆ తప్పు ఎన్నటికీ తెలియదు. లెక్క పెట్టిన పద్ధతి తెలిసినవాడికి మాత్రమే అనుమానం వచ్చే అవకాశం ఉంటుంది.

సరే, ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం.

చిరునామా దొరకని జన్యువులు

పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో జన్యువుల చిరునామాలు కనిపెట్టడం శాస్త్రజ్ఞులకు చాలాకాలం క్రిందటే వచ్చింది. మోర్గాన్ శిష్యుడు స్టర్టివాంట్ 1913లోనే ఈగ క్రోమోజోము మీద జన్యువుల వరుసను పటంగా గీసి ప్రకటించాడు. ఈగకు ఒక తరమంటే రెండు వారాలు. కావలసిన ఈగను కావలసిన ఈగతో జతపరచి, వందలాది పిల్లలను లెక్కపెట్టవచ్చు.

మనుషుల విషయంలో అది కుదరదు. మనకు ఒక తరమంటే సుమారు పాతికేళ్ళు. ఫలితం ఎలా వస్తుందో చూద్దామని ఎవరికీ పెళ్ళిళ్ళు చెయ్యలేం. ఉన్న కుటుంబాల వంశవృక్షాలు చూసి ఊహించవలసిందే. అలా చూసి 1911లో విల్సన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణాంధతకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండాలన్నాడు. తాతకున్న లోపం కూతురిలో కనబడకుండా దాగి, ఆమె కొడుకులో బయటపడుతుంది గనుక అది తేలింది. కాని మిగిలిన 22 జతల సంగతి? వాటిలో మొట్టమొదటి చిరునామా 1968లోగాని దొరకలేదు. రోజర్ డొనహ్యూ అనే పరిశోధక విద్యార్థి తన క్రోమోజోములను తానే సూక్ష్మదర్శినిలో చూసుకుంటే, 1వ క్రోమోజోము ఒకటి వింతగా కనిపించింది. తన బంధువుల్లో అది ఎవరెవరికి ఉందో చూసి, దానితోపాటే డఫీ అనే రక్తవర్గం కూడా నడుస్తోందని చూపాడు. 1911 నుంచి 1968 వరకు 57 ఏళ్ళు! ప్రోటీన్లను తయారుచేసే జన్యువులే మనలో సుమారు 20,000 ఉన్నాయి. ఈ లెక్కన అన్నింటి చిరునామాలు ఎప్పటికి తెలిసేను?

అప్పుడే ఒక కొత్త దారి దొరికింది. పెళ్ళిళ్ళు, పిల్లలు అవసరంలేని దారి అది.

రెండు కణాలు ఒకటైతే

1960లో పారిస్ నగరం దగ్గర జార్జి బార్‌స్కీ బృందం రెండు రకాల చిట్టెలుక కణాలను ఒకే గాజుపాత్రలో కలిపి పెంచింది. కొన్నాళ్ళకు కొన్ని కణాల్లో రెండు రకాల క్రోమోజోములూ కలిసి కనిపించాయి. అంటే రెండు కణాలు కలిసిపోయి ఒక్కటయ్యాయన్నమాట. వీటిని సంకర కణాలు అన్నారు. ఇలా జరగడం అరుదు. అయితే ఆ రోజుల్లోనే జపానులో యోషియో ఒకాడా ఒక చిత్రం కనిపెట్టాడు. సెండాయ్ అనే వైరస్ పక్కపక్కనున్న కణాల పొరలను ఒకదానితో ఒకటి అతికిస్తుంది! అతినీలలోహిత కిరణాలతో వైరస్‌ను నిర్జీవం చేసినా అతికించే గుణం పోదు. 1965లో ఆక్స్‌ఫర్డులో హెన్రీ హారిస్, జాన్ వాట్కిన్స్ ఈ వైరస్‌తోనే మనిషి కణాన్నీ, చిట్టెలుక కణాన్నీ కలిపేశారు.

మనిషి, చిట్టెలుక అనగానే మీకు నరసింహావతారం లాంటిదేదో మనసులో మెదిలిందా? భయపడకండి. ఈ కణం గాజుపాత్రలో పోషక ద్రావణంలో పెరిగే కణం మాత్రమే. అందులోంచి ఏ ప్రాణీ పుట్టదు.

కాని ఒక చిక్కు ఉంది. లక్షలాది కణాల్లో కలిసినవి కొద్ది. కలవనివే ఎక్కువ. కలిసినవాటిని ఏరడం ఎలా? దానికొక జల్లెడ కావాలి. ఆ జల్లెడను 1964లో అమెరికాలో జాన్ లిటిల్‌ఫీల్డు తయారుచేశాడు.

ఇల్లు కట్టుకునేవాడు ఇటుకలు రెండు విధాల సంపాదించవచ్చు. బట్టీలో కొత్తవి కాల్చుకోవచ్చు. లేదా పాతగోడ పడగొట్టి ఆ ఇటుకలే వాడుకోవచ్చు. కణం కూడా డి.ఎన్.ఏ. కట్టుకోవడానికి కావలసిన ముక్కలను ఇలాగే రెండు దారుల్లో సంపాదిస్తుంది. అమినోప్టెరిన్ అనే మందు వేస్తే బట్టీ మూతపడుతుంది. ఇక పాత ఇటుకలే గతి. వాటిని వాడుకోవాలంటే థైమిడిన్ కైనేజ్ వంటి కొన్ని ఎంజైములు ఉండాలి. ఒక రకం కణంలో ఒక ఎంజైము లోపించింది, రెండవ రకంలో మరొకటి లోపించింది అనుకోండి. ఆ మందులో రెండూ చస్తాయి. కాని రెండూ కలిసిన సంకర కణంలో ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. కాబట్టి అదొక్కటే బ్రతుకుతుంది! కుంటివాడు, గ్రుడ్డివాడు ఒకరి సాయంతో ఒకరు ఏరు దాటినట్లు.

ఈ అమినోప్టెరిన్ ఎవరి ప్రయోగశాల నుంచి వచ్చిందో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని రక్తకాన్సరుతో బాధపడే పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. సుబ్బారావు గారు ఆ ఏడే కన్నుమూశారు. కాన్సరు కణాల పెరుగుదలను ఆపడానికి చేసిన మందు, పదహారేళ్ళ తరువాత జన్యువుల వేటలో జల్లెడ అవుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండరు.

పోగొట్టుకుని తెలుసుకోవడం

ఇప్పుడు అసలు మలుపు. 1967లో న్యూయార్కులో మేరీ వైస్, హవార్డ్ గ్రీన్ అనే ఇద్దరు మనిషి కణాలు, చిట్టెలుక కణాలు కలిసిన సంకర కణాలను పెంచుతూ ఒక వింత గమనించారు. కణాలు విభజన చెందుతున్నకొద్దీ చిట్టెలుక క్రోమోజోములు అలాగే ఉంటున్నాయి. మనిషి క్రోమోజోములు మాత్రం జారిపోతున్నాయి. చివరకు ఒక్కొక్క కణ వంశంలో కొద్దిపాటి మనిషి క్రోమోజోములు మాత్రమే మిగులుతున్నాయి. అందులోనూ ఒక వంశంలో మిగిలినవి మరొక వంశంలో మిగలడం లేదు.

మరొకరైతే “అయ్యో, ప్రయోగం చెడిపోయింది” అని పాత్రలు కడిగేసి ఉండేవారేమో! వారు అలా అనుకోలేదు. పోగొట్టుకోవడంలోనే జవాబు ఉందని గ్రహించారు.

మీ ఇంట్లో కరెంటు బోర్డు చూడండి. పాత ఇల్లయితే ఏ ఫ్యూజు ఏ గదిదో రాసి ఉండదు. తెలుసుకోవడం ఎలా? ఒక ఫ్యూజు పీకి, ఏ గదిలో ఫాను ఆగిందో చూస్తారు. ఇక్కడా అంతే. ఏ మనిషి క్రోమోజోము పోయినప్పుడు ఏ మనిషి ఎంజైము కనబడకుండా పోయిందో చూస్తే, ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు ఆ క్రోమోజోము మీద ఉందన్నమాట. మనిషి ఎంజైమునూ చిట్టెలుక ఎంజైమునూ గుర్తుపట్టడానికి దారి ఉంది. జిగురు లాంటి జెల్‌లో విద్యుత్తు ప్రవహింపజేస్తే అనేక ఎంజైముల విషయంలో ఆ రెండూ వేర్వేరు వేగాలతో కదులుతాయి.

వైస్, గ్రీన్ వాడిన చిట్టెలుక కణాల్లో థైమిడిన్ కైనేజ్ లేదు. అందుచేత అమినోప్టెరిన్ జల్లెడలో బ్రతికిన ప్రతి సంకర కణంలోనూ ఆ ఎంజైము జన్యువున్న మనిషి క్రోమోజోము ఉండి తీరాలి. 1968లో బార్బరా మీజియన్, మరొక సహచరి ఒక్క మనిషి క్రోమోజోము మాత్రమే మిగిలిన సంకర కణాల్లో కూడా ఈ ఎంజైము ఉందని చూపారు. ఆ ఒక్కటి ఏది? 16, 17, 18 క్రోమోజోములు చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. అక్కడ ఆగిపోయింది. ఇంతలో స్వీడన్‌లో కాస్పర్సన్ బృందం క్వినాక్రిన్ జాతి రంగు వేస్తే క్రోమోజోముల మీద వెలుగుచారలు కనబడతాయనీ, ప్రతిదాని చారల వరుస వేరనీ కనిపెట్టింది. క్వినాక్రిన్ అంటే ఒకప్పుడు మలేరియాకు మందుగా వాడినదే! ఆ చారలు చూసి 1971లో అది 17వ క్రోమోజోము అని తేల్చారు.

మీరూ ప్రయత్నించండి. ఇది నేను లెక్క కోసం కల్పించినది. నాలుగు సంకర కణ వంశాలున్నాయి. వాటిలో మిగిలిన మనిషి క్రోమోజోములు ఇవి:

మొదటి వంశం: 2, 7, 11, 17 – ఎంజైము ఉంది.
రెండవ వంశం: 4, 7, 17, 20 – ఎంజైము ఉంది.
మూడవ వంశం: 2, 4, 11, 20 – ఎంజైము లేదు.
నాలుగవ వంశం: 7, 11, 20 – ఎంజైము లేదు.

ఎంజైమున్న రెండు వంశాల్లోనూ ఉన్నవి 7, 17. కాని నాలుగవ వంశంలో 7 ఉన్నా ఎంజైము లేదు. కాబట్టి 7 కాదు, 17. చూశారా! ఏ జన్యువునూ కంటితో చూడకుండానే దాని ఇంటి తలుపు తట్టాం. నిజానికి జాగ్రత్తగా ఎంచుకుంటే అయిదు వంశాలతో కూడా పని జరుగుతుంది. ఒక్కొక్క వంశంలో ‘ఉంది, లేదు’ అని రెండు వీలులు. అయిదు వంశాలకు 2×2×2×2×2 = 32 వీలులు. మనిషి క్రోమోజోముల్లో రకాలు 22, వాటికి తోడు ఎక్స్, వై కలిసి 24. కనుక ప్రతిదానికీ వేరు వేరు గుర్తు దొరుకుతుంది. అయితే క్రోమోజోము విరిగి ముక్క మాత్రమే మిగిలితే లెక్క తప్పుతుంది. అందుకే ఎక్కువ వంశాలతో, వేర్వేరు ప్రయోగశాలల్లో సరిచూసుకునేవారు.

1973లో అమెరికాలోని న్యూహేవెన్‌లో మనిషి జన్యుపటం మీద మొదటి సమావేశం జరిగింది. అప్పటికే చిరునామాలు వేగంగా దొరుకుతున్నాయి. 57 ఏళ్ళ నిరీక్షణ ఎక్కడ, ఈ వేగం ఎక్కడ!

ఆ అమ్మాయికి జవాబు

హీమోగ్లోబిన్ విషయంలో ఒక అడ్డంకి వచ్చింది. ఈ సంకర కణాలు హీమోగ్లోబిన్ తయారుచేయవు. ఆ పని రక్తకణాలుగా మారబోయే కణాలది. ఇతర కణాల్లో ఆ జన్యువు ఉంటుంది, కాని నిద్రపోతూ ఉంటుంది. ఫ్యూజు పీకినా ఆగడానికి ఫాను తిరగడంలేదు మరి! అందుకని ఆల్బర్ట్ డీసెరాత్ బృందం ఫలితాన్ని వెతకడం మాని, జన్యువునే వెతికింది. హీమోగ్లోబిన్ జన్యువుకు జతగా అతుక్కునే రేడియోధార్మిక డి.ఎన్.ఏ. ముక్కను తయారుచేసి, ఒక్కొక్క సంకర కణ వంశపు డి.ఎన్.ఏ.తో కలిపి చూశారు. ఎక్కడ అతుక్కుంటే అక్కడ జన్యువున్నట్లు. 1977లో ఆల్ఫా గొలుసు జన్యువు 16వ క్రోమోజోము మీద, 1978లో బీటా గొలుసు జన్యువు 11వ క్రోమోజోము మీద ఉన్నాయని తేలింది.

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇదీ. ఎవరూ కంటితో చూడలేదు. పోయినవేవో, మిగిలినవేవో జాగ్రత్తగా రాసుకుని తర్కించి తెలుసుకున్నారు. ఆ రోజున నేను “తెలియదమ్మా, ఇద్దరం వెతుకుదాం” అని ఉంటే ఎంత బాగుండేది!

“ఎలా?” అని అడిగితే మరొక సంగతి కూడా బయటకు వస్తుంది. 1965లో ఆక్స్‌ఫర్డువారు వాడిన మనిషి కణాలు హీలా కణాలు. అవి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. 1951లో ఆమె కాన్సరుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పరిశోధనకోసమని ఆమెను అడగకుండానే ఆ కణాలు తీసుకున్నారు. ఆ సంవత్సరమే ఆమె చనిపోయింది. కణాలు ప్రపంచమంతా తిరిగాయి. ఫలితాన్ని మాత్రమే నేర్చుకుంటే ఆమె పేరు మనకు ఎన్నటికీ తెలియదు. ఒక విజ్ఞానం ఎలా వచ్చిందని అడగడమంటే, అది న్యాయంగా వచ్చిందా అని అడగడం కూడా.

కొందరు ఉపాధ్యాయ మిత్రులు నాతో వాదిస్తారు. “సిలబస్సే ముగియడంలేదు. ఈ కథలకు టైమెక్కడిది? పైగా అదంతా పాత పద్ధతి. 2003లో మానవ జన్యుపటం పని ముగిసింది. 2022లో మిగిలిన ఖాళీలు కూడా నింపారు. ఇప్పుడు ఫోనులో జన్యువు పేరు కొడితే చిరునామా వస్తుంది” అంటారు.

వారి కష్టం నాకు తెలుసు. నాదీ అదే కష్టం. అయినా రెండు మాటలు చెబుతాను. మొదటిది: పాత పద్ధతి వృథా పోలేదు. సంకర కణాలను ఎక్స్ కిరణాల సాయంతో మరింత చిన్న ముక్కలకు వాడుకునే పద్ధతి 1990ల జన్యుపటాలకు ఎంతో తోడ్పడింది. కణాలను కలిపి, అదే జల్లెడతో ఏరడం ద్వారానే 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాలను ఎడతెగకుండా తయారుచేసే కణాలను సృష్టించారు. 1984లో నోబెల్ బహుమతి పొందారు. రెండవది మరీ ముఖ్యం. ఫోను చిరునామా చెబుతుంది, నిజమే. అది తప్పయితే తప్పని ఎవరు చెబుతారు? రేపు మీ ఫోనులో ఎవరో ఒక మందు గురించో, ఒక జబ్బు గురించో ఏదో పంపుతారు. ‘ఎలా తెలిసింది?’ అని అడిగే అలవాటు తరగతిలో పడకపోతే, బయట ఎక్కడ పడుతుంది? 48 అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులకూ మనకూ అప్పుడు తేడా ఏముంటుంది?

ప్రతి పాఠానికీ కథ చెప్పాలని నేననను. ఒక పాఠంలో ఒక్క విషయానికి చెబితే చాలు. పరీక్ష పత్రం తయారుచేసే పెద్దలు ‘ఇది ఎలా తెలుసుకున్నారు?’ అనే ప్రశ్న ఒక్కటి చేర్చి, దానికి మార్కులు కేటాయిస్తే మరీ మంచిది. అంతవరకు మీరు చెయ్యగలిగింది ఒకటుంది. నోటుపుస్తకంలో ఒక విషయం రాసుకున్నప్పుడు పక్కన మార్జినులో ‘ఎలా తెలిసింది?’ అని రాసి ఒక గీత ఖాళీ వదలండి. వారానికి ఒక్క గీతైనా నింపండి. నింపలేకపోతే మీ మాస్టారిని అడగండి. ఆయనకు తెలియకపోవచ్చు. నాకూ తెలియలేదు గదా! అప్పుడు నొచ్చుకోకండి, మానుకోకండి. మరునాడు మళ్ళీ అడగండి.